సేవ చేయించేవారికి తోడెవరు?

ఎన్ని ఇళ్లకు రమజాన్ రేషన్ చేరింది, ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాము, ఆసుపత్రిలో ఎందరికి మందులు ఇప్పించాము అన్న వివరాలు ఏటా ఈ ప్రత్యేక సంచికలో మీ ముందు ఉంచుతున్నాము. ఈసారి కూడా ఉంచాము. అయితే జమాఖర్చుల పట్టికలో ఒక కొత్త పద్దు కనిపిస్తుంది: ‘ఇన్‌చార్జిల శిక్షణ, నెలవారీ సమావేశాలు’. అచ్చుకు వెళ్లకముందే లెక్కలు చూసిన ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా మనకు విరాళం ఇస్తున్న దాత, ఫోన్ చేసి కాస్త నిష్ఠూరంగానే అడిగారు. “నేను బియ్యానికి ఇచ్చాను భాయ్, మీరు కూర్చుని చాయ్ తాగుతూ మాట్లాడుకోవడానికి కాదు.”

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. ఇచ్చినవారికి అడిగే హక్కు ఉంది. కానీ ఫోన్లో మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. ఏదో “శిక్షణ అండీ, అవసరం అండీ” అని నసిగి పెట్టేశాము. ఆ జవాబును ఇప్పుడు తీరికగా రాస్తున్నాము. ఆయనకే కాదు, అదే మాట మనసులో అనుకుని పైకి అడగని దాతలందరికీ.

ముందు పేరు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి ‘వాలంటీర్’ అంటే యాభై ఇళ్లకు ఒకరుగా ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో పెట్టిన గ్రామ, వార్డు వాలంటీరే అందరికీ గుర్తొచ్చేవారు. మన పిల్లలు కిట్లు పట్టుకుని వెళితే “పింఛను తెచ్చారా నాయనా?” అని అడిగిన అవ్వలు ఉన్నారు. అందుకని ఈ వ్యాసంలో జీతం, గౌరవ వేతనం ఏదీ లేకుండా పనిచేసేవారిని సేవకులు అంటాము. వారిని కూడగట్టి, పని అప్పగించి, చివరిదాకా నడిపించేవారిని, మన సొసైటీలో అందరూ పిలిచినట్టే, ఇన్‌చార్జి అంటాము.

ఇన్‌చార్జి పని బయటికి కనిపించదు. రమజాన్ కిట్ల పంపిణీనే చూడండి. మీకు కనిపించేది ఒక్క పూట జరిగే పంపిణీ. షాబాన్ నెల మొదట్లోనే ఇన్‌చార్జి పని మొదలవుతుంది. పోయినేటి జాబితాలో ఎవరు ఊరు మారారు, ఎవరింట్లో కొడుకు సంపాదనలో పడ్డాడు, ఏ ఇంట్లో కొత్తగా మనిషి పోయాడు అన్నది ఇల్లిల్లూ తిరిగి చూసిరావడానికి మనుషులు కావాలి. ఆ మనుషుల్లో ఒకడికి ఇంటర్ పరీక్షలు, ఇంకొకడికి దుకాణంలో సీజను. ఒకడు మాట మీద ఉండడు, ఒకడు మాట పడడు. కమిటీ పెద్ద ఒకరు నలుగురిలో చిన్నబుచ్చారని ఇద్దరు అలుగుతారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి బతిమాలి తీసుకురావాలి. జీతగాడికైతే ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఉచితంగా వచ్చినవాడికి ఆజ్ఞ పనిచేయదు, అలాగని వదిలేస్తే పని జరగదు. ఈ రెంటి మధ్య నడవడం ఒక విద్య. ఎవరూ పుట్టుకతో నేర్చుకుని రారు. మేమేమో ఎవరు బాగా కష్టపడుతున్నారో చూసి, “ఇక నుంచి నువ్వే ఇన్‌చార్జివి” అని భుజం తట్టి వచ్చేస్తున్నాము. బస్తాలు బాగా మోసినవాడు మనుషులను కూడా బాగా మోయగలడని మా లెక్క.

ఆ లెక్క తప్పిందని ఒక పండుగ తరువాత తెలిసింది. ఆసుపత్రి సహాయం చూసే మా ఇన్‌చార్జి ఒకాయన ఈద్ మూడో రోజు నుంచి ఫోన్ ఎత్తడం మానేశారు. సెల్‌ఫోన్లు రిపేరు చేసే చిన్న దుకాణం ఆయనది. రాత్రి పదకొండుకు రక్తం కావాలని ఫోన్ వచ్చినా షట్టరు దించి పరుగెత్తిన మనిషి. మొదటి వారం మేము బద్ధకం అనుకున్నాము. రెండో వారం అహంకారం అనుకున్నాము. ఈ రెండు మాటలూ మా నోటితోనే అన్నాము, ఇప్పుడు దాచిపెట్టి లాభం లేదు. నెల తిరిగాక ఇద్దరం దుకాణానికి వెళ్లి కూర్చుంటే, చేతిలోని ఫోను పక్కన పెట్టకుండానే ఆయన అన్నారు: “నా కింద పిల్లలు అలిగితే నేను వెళ్లి అడిగాను. నేను అలిసిపోతే ఎవరైనా వచ్చి అడిగారా?”

మా దగ్గర జవాబు లేదు.

ఆయన ఒక్కరే వెళ్లిపోయి ఉంటే ఇంకొకరిని పెట్టుకునేవాళ్లం. ఆయనతో పాటు ఆయన తలలో ఉన్న జాబితా మొత్తం పోయింది. అరుదైన గ్రూపుల రక్తం ఇచ్చే కుర్రాళ్లెవరు, ఏ వార్డులో ఏ సిస్టరమ్మ మాట వింటారు, ఏ ముసలాయనకు నెలనెలా ఇన్సులిన్ చేరాలి అన్నది ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన కోసం వచ్చే కుర్రాళ్లు, సొసైటీ కోసం రావడం లేదని అప్పుడే అర్థమైంది. సగానికి పైగా మానుకున్నారు. ఇన్సులిన్ అందవలసిన పెద్దాయన ఇల్లు కనుక్కోవడానికి మాకు పన్నెండు రోజులు పట్టింది. అల్హమ్దులిల్లాహ్, ప్రమాదం జరగలేదు. అయితే ఆ పన్నెండు రోజుల్లో మీ విరాళం బ్యాంకులో భద్రంగానే ఉంది. డబ్బు లేక ఆగిన పని కాదది.

అప్పటి నుంచి ఈ విషయం మీద కొంత చదివాము, కొందరిని అడిగాము. తెలిసినంతలో చెబుతాము.

సేవకులను నడిపించడం నేర్చుకోవలసిన ఒక వృత్తి అని అమెరికాలో చాలా ముందే గుర్తించారు. 1967లో హారియెట్ నేలర్ సేవకులను వెతకడం, వారికి నేర్పడం, వారితో కలిసి పనిచేయడం గురించి పుస్తకం రాశారు. 1976లో మార్లీన్ విల్సన్ రాసిన పుస్తకం ఈ రంగంలో చాలాకాలం పాఠ్యగ్రంథంలా చెలామణి అయింది. ఆసుపత్రులు, గ్రంథాలయాలు, వృద్ధాశ్రమాల్లో సేవకుల వ్యవహారం చూసేవారు ఊరికొకటిగా చిన్న చిన్న సంఘాలు పెట్టుకున్నారు. వాటిని డోవియాలు అంటారు. ఒక ఊళ్లోని ఇన్‌చార్జిలు, వేరువేరు సంస్థలవారు, అప్పుడప్పుడూ ఒకచోట కూర్చోవడమే దాని స్వరూపం. వీటికి పైన ఒక పెద్ద జాతీయ సంఘం కూడా ఉండేది. అది డబ్బు ఇబ్బందుల్లో పడి 2006లో మూతపడింది. మమ్మల్ని ఆలోచింపజేసింది ఆ తరువాతి సంగతి. పెద్ద సంఘం పోయినా ఊళ్లలోని చిన్న సంఘాలు చాలావరకు నడుస్తూనే ఉన్నాయి. ఒక గది, నాలుగు కుర్చీలు, ఒకరి కష్టం ఒకరు వినే అలవాటు ఉంటే చాలు కనుక, మూతపడడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. బ్రిటన్‌లోనూ 2007లో ఇలాంటి ఇన్‌చార్జిల సంఘం ఏర్పడింది. సేవకుల కోసం ఐక్యరాజ్యసమితి 1985లో డిసెంబరు 5ను ప్రత్యేక దినంగా ప్రకటించింది. అంతకు సరిగ్గా నెల ముందు, నవంబరు 5న, సేవకులను నడిపించేవారి దినం అంటూ ఒకటి జరుపుతున్నారని మాకూ నిన్నమొన్నటి వరకు తెలియదు.

అదంతా జీతాలున్న ఆఫీసుల సంగతి, మనకెక్కడ కుదురుతుంది అనిపించవచ్చు. మాకూ అనిపించింది. అందుకే కేరళ వైపు చూశాము.

కోజికోడ్ మెడికల్ కాలేజీలో 1993లో మొదలైన ఒక చిన్న సొసైటీ, నయం కాని జబ్బులతో బాధపడేవారికి నొప్పి తగ్గించే వైద్యం అందించింది. డాక్టర్లు కొద్దిమంది, రోగులు వేలల్లో. 2000 ప్రాంతంలో ఆ పనిని ఇరుగుపొరుగు చేతుల్లో పెట్టారు. అందులో ముందు నడిచిన జిల్లా మలప్పురం. ముస్లింలు అధికంగా ఉన్న జిల్లా అది, కానీ ఈ పనిలో అన్ని మతాలవారూ చేరారు. వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవారు ఎవరైనా రావచ్చు. అయితే వచ్చిన వెంటనే రోగి ఇంటికి పంపరు. పదహారు గంటల తరగతులు, ఆ పైన నాలుగు రోజులు అనుభవజ్ఞులైన బృందం వెంట ఉండి చూడడం. అప్పుడే పని. ఏం మాట్లాడాలో కంటే, ఎలా వినాలో ఎక్కువగా నేర్పుతారు. డాక్టరు, నర్సు వెనక నిలబడతారు. రోగిని కనిపెట్టడం, ఇంట్లో బియ్యం ఉన్నాయా పిల్లలు బడికి వెళ్తున్నారా చూడడం, చందాలు కూడగట్టడం సేవకుల బృందానిదే. 2008లో కేరళ ప్రభుత్వం ఈ వైద్యానికి ప్రత్యేక విధానమే ప్రకటించింది. పేదింటి గడప తొక్కే ముందు పదహారు గంటలు కూర్చోబెట్టి నేర్పించిన ఆ ఓపిక మాకు సిగ్గు తెప్పించింది. మేము మా పిల్లలకు పదహారు నిమిషాలు కూడా ఇవ్వలేదు. రిఫ్లెక్టరు కోటు ఇచ్చాము, అంతే.

ఇక దీన్ విషయం. సేవ చేయించేవారి మీద ఖర్చు పెట్టడం మనకు కొత్త కాదు. సూరా తౌబా అరవయ్యో ఆయత్‌లో జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలను అల్లాహ్ పేర్కొన్నాడు. నిరుపేదలు, అక్కరగలవారి తరువాత మూడో చోట ఉన్నది ఆ జకాత్ వసూలు, పంపిణీ పనిలో ఉన్నవారే. పని జరగాలంటే పనిచేసేవారు నిలబడాలి అన్న సంగతి అక్కడే ఉంది. మాట తప్పుగా అర్థం కాకూడదు. సేవకుల ఇన్‌చార్జిల శిక్షణకు జకాత్ సొమ్ము వాడవచ్చా లేదా అన్నది ఉలమా తేల్చవలసిన విషయం. అందుకే ఆ సొమ్ము మేము ముట్టుకోలేదు. పై పద్దు పూర్తిగా సాధారణ విరాళాల నుంచి పెట్టిన ఖర్చు. హజ్రత్ ఉమర్ (రజి) తమ పాలనలో దూర ప్రాంతాల అధికారులను హజ్ సమయంలో రప్పించి, ప్రజల ముందే వారి పనితీరు విచారించేవారని చరిత్ర గ్రంథాల్లో చదువుతాము. అది లెక్క అడగడానికే. కానీ ఈజిప్టులో ఉన్నవారు, ఇరాక్‌లో ఉన్నవారు ఏడాదికొకసారి ఒకే చోట కలిసినప్పుడు “మీ దగ్గర ఈ చిక్కు ఎలా తీర్చారు?” అని ఒకరినొకరు అడిగే ఉంటారని మాకు అనిపిస్తుంది.

మేము మొదలుపెట్టింది చాలా చిన్నది. ప్రతి నెలా రెండో ఆదివారం, అసర్ నమాజు తరువాత మగ్రిబ్ దాకా. మన ఇన్‌చార్జిలే కాదు, ఊళ్లో ఇలాంటి పని చేసే మరికొందరు కూడా వస్తారు. రక్తదాన శిబిరాలు నడిపే కుర్రాడు, క్యాన్సర్ రోగుల ఇళ్లకు వెళ్లే ఒక సంస్థ నర్సమ్మ, పక్క వీధి గుడిలో నిత్యాన్నదానం చూసుకునే పెద్దాయన. మహిళా ఇన్‌చార్జిలు మొదట విడిగా కూర్చునేవారు. నాలుగో నెల నుంచి వాళ్లే అందరితో కూర్చుంటామన్నారు. అధ్యక్షులు, కార్యదర్శులు రాకూడదు. ఇది ఎవరినీ నొప్పించడానికి పెట్టిన నియమం కాదు. పెద్దలుంటే ఇన్‌చార్జిలు కష్టం చెప్పరు, రిపోర్టు చెబుతారు.

పద్ధతి ఇది. ఒక్కరు ఒక్క చిక్కు చెబుతారు. సాయం పొందేవారి పేర్లు చెప్పకూడదు. తరువాత పది నిమిషాలు మిగతావారు ప్రశ్నలు మాత్రమే అడగాలి, సలహా ఇవ్వకూడదు. వినడానికి తేలిక, ఆచరించడం మహా కష్టం. మొదటి సమావేశంలో రెండో నిమిషానికే ముగ్గురు సలహా ఇచ్చేశారు. మనవాళ్లకు సలహా నాలుక చివర ఉంటుంది. పది నిమిషాలు అడుగుతూ పోతే మాత్రం, చిక్కు మొదట అనుకున్నది కాదని చాలాసార్లు బయటపడుతుంది. ఆ తరువాత “నువ్వు ఇలా చెయ్యి” అని కాకుండా “నాకు ఇలాంటిది వచ్చినప్పుడు ఇలా చేశాను” అని చెప్పాలి.

ఒక నెల కిట్ల పంపిణీ చూసే కుర్రాడు వచ్చాడు. తన కింద ఒకడు కిట్ తీసుకుంటున్న ఒక వితంతువుతో సెల్ఫీ దిగి స్టేటస్ పెట్టాడట. ఆమె కూతురు చూసి ఏడ్చిందట. తిట్టాడు, వాడు మానేశాడు. “మానేస్తే మానేశాడు, తిట్టడం తప్పా?” అన్నది అతని ప్రశ్న. అందరూ అడుగుతూ పోతే తేలిందేమిటంటే, ఫొటో తీయకూడదని వాడికి ముందు ఎవరూ చెప్పలేదు. పోయినేడు కమిటీ వాళ్లే తీయించారు, బ్యానరు పక్కన నిలబెట్టి. అప్పుడు అన్నదానం పెద్దాయన అన్నారు: “మా దగ్గర వడ్డించే పిల్లలు ముందు సెల్లులు బుట్టలో వేస్తారు బాబూ. గరిటె ఆ తర్వాతే ఇస్తాం. తప్పు చేశాక చెబితే తిట్టినట్టుంటుంది, చేయకముందు చెబితే పని నేర్పినట్టుంటుంది.” ఈ రమజాన్‌లో మన దగ్గరా బుట్ట పెట్టాము. ఆ కుర్రాడు వెళ్లి మానేసినవాణ్ణి పిలుచుకొచ్చాడు. కమిటీ బ్యానరు కూడా ఈసారి కట్టలేదు. క్యూ బారు తగ్గించడానికి గంటల వారీగా టోకెన్లు ఇవ్వడం కూడా ఆ పెద్దాయన దగ్గర నేర్చుకున్నదే.

ఇంకో నెల మాత్రం ఎవరూ చాయ్ తాగలేదు. మహిళల గుసుల్ బృందం చూసే ఆపా మాట్లాడారు. కాన్పులో చనిపోయిన ఒక అమ్మాయికి ఆఖరి స్నానం చేయించడానికి వెళ్లారట. పక్క గదిలో పసిబిడ్డ ఏడుస్తూనే ఉందట. ఆపాతో వచ్చినవారిలో ఇద్దరు కొత్తవాళ్లు. పని అంతా పద్ధతిగా జరిగింది, కఫన్ తొడిగారు, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. ఆ ఇద్దరూ మళ్లీ రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల అమ్మలు ఎత్తి, “పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడుతోంది, ఇక పంపము” అన్నారు. “పుణ్యం వచ్చే పని అని పిల్చుకెళ్లాను, వాళ్లకు భయం అంటగట్టాను” అని ఆపా బాధ. ఎవరో అడిగారు: “ఆ రాత్రి మీరు నిద్రపోయారా ఆపా?” ఆమె చాలాసేపు మాట్లాడలేదు. 2021లో కరోనా రెండో విడతలో ఎన్ని జనాజాలకు వెళ్లారో, అప్పటి నుంచి ఎన్ని రాత్రులు సరిగా నిద్ర లేదో, ఇంట్లో కూడా చెప్పలేదని తరువాత చెప్పారు. మనం ఆ ఏడాది సంచికలో ఆమె బృందాన్ని ప్రశంసిస్తూ ఒక పేరా రాశాము. ఎలా ఉన్నారని అడగలేదు.

నర్సమ్మ తమ పద్ధతి చెప్పారు. మరణం చూసి వచ్చిన రోజు బృందం విడిపోకముందే పావుగంట ఒకచోట కూర్చుంటారు. తమకు ఏది కష్టమనిపించిందో ఒక్కొక్కరూ ఒక్క మాట చెబుతారు. చెప్పలేనివారు ఊరకే కూర్చుంటారు. మొదటిసారి వచ్చినవారిని ఒంటరిగా ఇంటికి పంపరు. మర్నాడు ఇన్‌చార్జి ఫోన్ చేస్తారు. ఇన్‌చార్జికి ఇంకొకరు ఫోన్ చేస్తారు. ఈ చివరిదే మా దగ్గర లేనిది. ఇప్పుడు ఆపాకు ఫోన్ చేసే బాధ్యత ట్యూషన్ సెంటరు చూసే టీచరమ్మ తీసుకున్నారు. వెళ్లిపోయిన ఇద్దరమ్మాయిల్లో ఒకరు తిరిగి వచ్చారు. ఇంకొకరు రాలేదు, రమ్మని ఒత్తిడి చేయలేదు.

ఈ సమావేశాలతో అన్నీ చక్కబడ్డాయని చెప్పము. వైద్య శిబిరాల ఇన్‌చార్జి ఒకరు ఈ ఏడాదే తప్పుకున్నారు. కాకపోతే రెండు నెలల ముందు చెప్పి, నోటుపుస్తకం అప్పగించి, కొత్తవారిని వెంట తిప్పి చూపించి వెళ్లారు. ప్రతి ఇన్‌చార్జికీ ఇప్పుడు ఒక పుస్తకం ఉంది. మందుల ఇళ్లు, రక్తం గ్రూపులు, ఎవరు ఏ పనికి పనికొస్తారు అన్నవి అందులో రాసి మూడు నెలలకొకసారి కమిటీ దగ్గర ఒక నకలు పెడతారు. ట్యూషన్ సెంటరులో ఒక్క పెద్ద మనిషి ఒక్క పిల్లవాడితో తలుపులు మూసిన గదిలో ఉండకూడదన్న నియమం కూడా ఈ చర్చల్లోనే పుట్టింది. పోక్సో చట్టం వచ్చి, 2012 నుంచి, ఇన్నేళ్లయినా ఆ ఆలోచన మాకు రాకపోవడం మా లోపమే. ఒకే ఇంటికి రెండు మూడు సంస్థల కిట్లు వెళ్తున్నాయి, పక్కింటికి ఒక్కటీ లేదు అన్న పాత ఫిర్యాదు మాత్రం ఇంకా తేలలేదు. జాబితాలు పంచుకుంటే పేదవారి గుట్టు బయటపడుతుందని కొందరు, పంచుకోకపోతే అన్యాయమని కొందరు. రెండూ నిజమే.

ఖర్చు ఎంతో పట్టికలో ఉంది. చాయ్, బిస్కెట్లు, నోటుపుస్తకాలు, నర్సమ్మ రెండు రోజులు నడిపిన తరగతికి గది అద్దె, దూరం నుంచి వచ్చే మహిళలకు ఆటో చార్జీలు. వచ్చే ఏడాది ఇద్దరు ఇన్‌చార్జిలను మలప్పురం పంపి, అక్కడి బృందాల వెంట నాలుగు రోజులు తిప్పి తీసుకురావాలని ఉంది. ఆ ప్రయాణానికి విడిగా విరాళం అడుగుతున్నాము. ఇష్టం లేనివారు తమ సొమ్ము బియ్యానికే అని రశీదు మీద రాయించుకోవచ్చు, బియ్యానికే వాడుతాము.

ఫోన్ చేసిన ఆ పెద్దాయనను ఈ నెల సమావేశానికి పిలిచాము. మిగతా దాతలు కూడా, ముందుగా చెప్పి, ఎప్పుడైనా ఒకసారి వచ్చి కూర్చోవచ్చు. సెల్‌ఫోన్ల దుకాణం ఆయన కూడా వస్తానన్నారు, ఇన్‌చార్జిగా కాదు, వినడానికి. రెండో ఆదివారం, అసర్ తరువాత, మన ఆఫీసు మేడ మీద గదిలో. సెల్లు బుట్టలో వేయాలి. మొదటి పది నిమిషాలు ఎవరికీ సలహా ఇవ్వకూడదు.